నమ్మనివాడు కూడా మనవాడేనా? గోరా, గాంధీ, ఒక వాట్సాప్ గ్రూప్

పామిడి నుంచి మళ్లీ మీ ముందుకొచ్చినా. ఈ వారం టాపిక్ నాది కాదు, మన ప్రేక్షకుడు ఒకాయన పంపించింది.

అనంతపురం, గుత్తి మధ్యలో ఏదో ఒక ఊరు అనుకోండి, పేరు అడగొద్దు. అక్కడ పాతిక మంది కుర్రోళ్లు ఒక సేవా గ్రూప్ నడుపుతున్నారు. ఎండాకాలం వస్తే చలివేంద్రం, పశువులకు నీళ్లతొట్లు. ఎవరికైనా రక్తం కావాలంటే బండేసుకుని అనంతపురం పరుగెత్తడం. జూన్‌లో బడి పిల్లలకు నోటుపుస్తకాలు. జీతం లేదు, పదవి లేదు, అందరూ చేతి డబ్బు వేసుకుంటారు. ఈసారి శనక్కాయ విత్తే అదను దాటిపోతున్నా వాన రాలేదు. గ్రూప్‌లో ఒకరు, గుళ్లో విరాటపర్వం చదివిద్దాం, ఖర్చు మన ఫండ్‌లోంచి పెడదాం అన్నారు. విరాటపర్వం చదివితే వాన పడుతుందనేది మనవైపు తాతల నాటి నమ్మకం, మీకు తెలియంది కాదు. చాలామంది సరే అన్నారు. ఒకబ్బాయి మాత్రం వద్దన్నాడు. ఆ డబ్బుతో ఇంకో రెండు తొట్లు కట్టిద్దాం, వానకీ పద్యానికీ సంబంధం లేదు అన్నాడు. ఇంకేముంది, రాత్రి పదకొండు దాకా వాయిస్ మెసేజ్‌లు. తెల్లారేసరికి అడ్మిన్ ఆ అబ్బాయిని రిమూవ్ చేసేశాడు.

నాకు రాసింది ఆ అడ్మినే. "అన్నా, వాడంత పని చేసేవాడు మాలో లేడు. రక్తం ఇచ్చేవాళ్ల లిస్టంతా వాడి ఫోన్లోనే ఉంది. కానీ మా విలువల మీద వాడికి నమ్మకం లేదు. నేను చేసింది కరెక్టే కదా?"

చూడండి, "కరెక్టే కదా" అని అడిగేవాడికి లోపల ఎక్కడో అనుమానం ఉంది. అందుకే ఒక్క ముక్కలో జవాబు ఇచ్చి వదిలేయాలని అనిపించలేదు. ఇదే చిక్కు ఇంతకంటే చాలా పెద్ద గ్రూప్‌కి, చాలా గట్టి నియమాలున్న గ్రూప్‌కి వచ్చింది. అక్కడ అడ్మిన్ గాంధీ. అడ్డం చెప్పినాయన మన తెలుగాయన, గోపరాజు రామచంద్రరావు. అందరికీ గోరాగా తెలుసు. డాక్టర్ సమరం గారి పేరు మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెప్తారు, ఆయన తండ్రి.

గోరా 1902లో పుట్టారు. బోటనీ ఎం.ఏ., కాలేజీ లెక్చరర్. 1928లో జంధ్యం తీసేస్తే సొంతింట్లోనే చోటు లేకుండా పోయింది. 1933లో దేవుడి మీద రాసిన వ్యాసానికి కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. ఆ తర్వాత మచిలీపట్నం హిందూ కాలేజీలోనూ అదే కథ. అంటే అప్పటికే ఇల్లు ఒకసారి, కాలేజీలు రెండుసార్లు ఆయన్ని రిమూవ్ చేశాయి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. పేరు వింటే పొద్దస్తమానం దేవుడి మీద వాదనలే అనుకుంటాం. కానీ అక్కడ చేసిన పనిలో ఎక్కువ భాగం అంటరానితనం మీద పోరాటం. పౌర్ణమి వస్తే అన్ని కులాలవాళ్లూ కలిసి కూర్చుని తినడం, పెద్దవాళ్లకు చదువు చెప్పడం. ఆ రోజుల్లో ఒక పల్లెటూళ్లో కలిసి తినడం అంటే మాటలా!

ఇప్పుడు గాంధీ దగ్గరికి వద్దాం. దేవుడు అనే మాట లేకుండా ఆయన ప్రసంగం ఉండదు. ఆశ్రమంలో రోజు ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగుస్తుంది. అలాంటాయనకి 1930లో గోరా ఉత్తరం రాశారు. మీరు దేవుడు అంటున్నారు కదా, ఆ మాటకి మీ అర్థం ఏంటి అని. దేవుడు మనిషి బుద్ధికి అందేవాడు కాదన్న భావంతో చిన్న జవాబు వచ్చింది. గోరాకి అది సరిపోలేదు. 1941 సెప్టెంబరులో మళ్లీ రాశారు, ఈసారి వచ్చి కలుస్తానని. గాంధీ వద్దన్నారు. మర్యాదగానే అన్నారు కానీ గట్టిగా అన్నారు. నాస్తికత్వం అంటే మనిషి తనను తాను కాదనుకోవడమేనని, దాని ప్రచారం ఎప్పుడూ గెలవలేదని, మాట్లాడుకోవడానికి తనకు తీరిక లేదని. కానీ అదే ఉత్తరంలో ఇంకో మాట ఉంది. మీకు ఈ కాస్త ఫలితం వచ్చిందంటే అది చుట్టూ ఉన్న జనంలో మీరు నిజాయితీగా చేస్తున్న పని వల్లే అని కూడా ఒప్పుకున్నారు.

నాకు ఈ ఉత్తరం చాలా ముఖ్యం అనిపిస్తుంది. సహనం గురించి మాట్లాడేటప్పుడు గాంధీ పుట్టుకతోనే అందరినీ కలుపుకుపోయే మనిషి అన్నట్టు చెప్పేస్తాం. కాదు. మొదట తలుపు వేశారు. కాకపోతే తలుపు వేస్తూనే, అవతలివాడి పనిని చూశారు. నమ్మకం తప్పు అనుకున్నారు, పని మంచిది అనుకున్నారు. రెంటినీ కలిపి ఒకే ముద్ద చేయలేదు. మన అడ్మిన్ తమ్ముడు రాసింది ఇంకోసారి చదవండి. "వాడంత పని చేసేవాడు లేడు, కానీ నమ్మకం లేదు." అదే వాక్యం. గాంధీకి ఆ వాక్యం నమలడానికి మూడేళ్లు పట్టింది.

గోరా తరఫున కూడా చూడాలి. వద్దన్నారని గాంధీ మీద కరపత్రాలు వేస్తూ తిరగలేదు. మరుసటి ఏడాది క్విట్ ఇండియా వచ్చింది. ఆ ఉద్యమంలో గోరా కుటుంబం జైలుకెళ్లింది. గాంధీని ఆగాఖాన్ ప్యాలెస్‌లో బంధించారు, కస్తూర్బా అక్కడే పోయారు. వాళ్లిద్దరూ నేరుగా కలిసింది 1944 నవంబరులో, వార్ధా దగ్గర సేవాగ్రాంలో.

కలవగానే గాంధీ నవ్వుతూ, దేవుడు లేని మనిషితో ఏం మాట్లాడాలి అన్నట్టు అడిగారట. గోరా కూడా నవ్వేసి, నేను దేవుడు లేనివాణ్ణి కాదు, నాస్తికుణ్ణి అన్నారు. తేడా ఏంటి అని గాంధీ. దేవుడు లేకపోవడం అంటే ఏదో ఒకటి తక్కువ కావడం, నాస్తికత్వం అంటే మనిషి తన బతుకు బాధ్యత తనే తీసుకోవడం, ఇదీ గోరా జవాబు సారం. ఆ తర్వాత ఆయన బెంగాల్ కరువు ఎత్తారు. 1943లో లక్షల మంది చచ్చిపోయిన కరువు. కలకత్తా వీధిలో ఒకడు ఆకలితో పడి ఉన్నాడు, పక్కనే మిఠాయి అంగడి ఉంది. వాడు చెయ్యి చాచడు, అరవడు, నా తలరాత ఇంతే అనుకుని ప్రాణం వదుల్తాడు. అంగడివాడు కూడా వాడి రాత అంతే అనుకుంటాడు. ఈ తలరాత అనే ఆలోచన పోనిదే మీరు కోరుకునే సమానత్వం ఎక్కడినుంచి వస్తుంది? ఇదీ గోరా వాదన.

కరువు గురించి మన జిల్లావాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఈ వాదన వింటే మనలో సగం మంది అవునంటాం, సగం మంది దేవుణ్ణి నమ్ముకునే కదా మా అవ్వ అన్ని కరువులూ దాటింది అంటాం. ఎవరు కరెక్టో తేల్చడం ఈ ఎపిసోడ్ పని కాదు. ఆ మాట విన్న గాంధీ ఏం చేశారన్నది పని.

ఆయన ఖండించలేదు, ఒప్పుకోనూలేదు. నా ఆస్తికత్వం కరెక్టనీ చెప్పలేను, మీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను, ఇద్దరం సత్యాన్ని వెతుక్కుంటున్నవాళ్లమే అనే అర్థంలో మాట్లాడారు. ఫలితాలే తేలుస్తాయి అన్నారు. అప్పుడు నేను మీ దారికి రావచ్చు, మీరు నా దారికి రావచ్చు, లేదా ఇద్దరం మూడో దారి పట్టొచ్చు అన్నారు. మీ పద్ధతి నాకు ఎదురే అయినా మీ పనికి సాయం చేస్తాను అని కూడా. ఈ సంగతులన్నీ గోరా తర్వాత ఒక పుస్తకంగా రాశారు. 1951లో దాన్ని వేసింది ఎవరనుకున్నారు? గాంధీ పెట్టిన నవజీవన్ సంస్థే.

ఆ మూడు దారుల మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మన గ్రూపుల్లో వాదన మొదలైతే ఉండేవి రెండే దారులు. నువ్వు మారు, లేకపోతే వెళ్లిపో. నేను మారే అవకాశం ఉందని అడ్మిన్ నోటితో చెప్పడం ఎప్పుడైనా విన్నారా? అసలు అవతలివాడి మాట వింటున్నామనడానికి గుర్తు అదొక్కటే. మిగతాది మర్యాద మాత్రమే. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు కోడ్ రివ్యూ చేసేవాళ్లం. సీనియర్ రాసిన లైన్ కింద కూడా నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు "ఇది పని చేయదు" అని రాయొచ్చు. సీనియర్ ఆ లైన్ మార్చినప్పుడే ఆ రివ్యూకి విలువ. పదిసార్లు రాసినా ఒక్క లైన్ కూడా మారలేదంటే, ఆ టీమ్‌లో రివ్యూ అనేది పేరుకే.

మరి గాంధీ లైన్ ఏదైనా మారిందా? మారింది. గోరా రాకముందే ఒకటి మారింది. దేవుడే సత్యం అంటూ వచ్చిన మనిషి, 1931 చివర్లో స్విట్జర్లాండ్‌లో జరిగిన సభలో సత్యమే దేవుడు అని ఎందుకన్నారో వివరించారు. మాటలు అవే, వరుస మారింది, అంతేగా అనుకోవద్దు. దేవుడే సత్యం అంటే నమ్మనివాడు గడప బయటే. సత్యమే దేవుడు అంటే, దేవుణ్ణి కాదన్నవాడు కూడా సత్యాన్ని కాదనడు కాబట్టి వాడికీ లోపల చాప ఉంది. ఆ చాప మీద పదమూడేళ్ల తర్వాత గోరా వచ్చి కూర్చున్నారు.

రెండోది ఇంకా గట్టిది. గోరా పెద్దకూతురు మనోరమ, దళిత యువకుడు అర్జునరావు పెళ్లి చేసుకోవాలనుకున్నారు. ఆ పెళ్లి సేవాగ్రాంలో చేయిస్తానని గాంధీ ఒప్పుకున్నారు. అమ్మాయి వయసు చిన్నది, రెండేళ్లు ఆగమన్నారు. పెళ్లిలో దేవుడి పేరు ఎత్తేచోట సత్యం పేరు చెప్పడానికీ సరేనన్నారు. ఎవరు? రామనామం తోనే ప్రాణం పోవాలని కోరుకున్న మనిషి! ఆయన ఆ పెళ్లి చూడలేదు. 1948 జనవరి 30న హత్య జరిగింది. ఆ మార్చిలో, అనుకున్నట్టే, సేవాగ్రాంలోనే, అనుకున్న పద్ధతిలోనే పెళ్లి జరిగింది. అడ్మిన్ పోయాక కూడా గ్రూప్ ఆ మాట నిలబెట్టుకుంది. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చింది ఇదే. ఒక మనిషి మంచితనం ఆ మనిషితోనే పోతుంది. అది అలవాటుగా మారితేనే మిగిలినవాళ్లకు వస్తుంది.

సరే, అయితే గాంధీ గ్రూప్‌లో ఎవరు ఏమన్నా నడిచేదా? అస్సలు కాదు. 1915కి వెళ్దాం. అహ్మదాబాద్ దగ్గర కోచ్రబ్‌లో ఆశ్రమం పెట్టి నాలుగు నెలలే. దూదాభాయ్ అనే అంటరాని కులంగా చూడబడే ఆయన, భార్య దానీబెన్, పసిపాప లక్ష్మితో వచ్చి చేరారు. ఆశ్రమంలోనే గొడవ. కస్తూర్బాకే మొదట ఇష్టం లేదు. బావి దగ్గర నీళ్లు తోడే మనిషి తిట్లు మొదలుపెట్టాడు. డబ్బులిచ్చే షావుకార్లు చేతులు ముడుచుకున్నారు. అక్కడ గాంధీ మూడు దారులు అనలేదు. దూదాభాయ్ కుటుంబం ఇక్కడే ఉంటుంది, ఇష్టం లేనివాళ్లు వెళ్లొచ్చు, ఒక్క దారే. డబ్బు లేకపోతే మనమే దళితవాడకి మకాం మారుద్దాం అన్నారు. ఒక షావుకారు కారులో వచ్చి పదమూడు వేలు చేతిలో పెట్టి వెళ్లాడు కాబట్టి ఆ అవసరం పడలేదు.

భార్యతో అంత మొండిగా ఉండటం బాగుందా అంటే, ఆ తీరు మీద నాకూ అభ్యంతరాలున్నాయి, అది వేరే ఎపిసోడ్. కానీ తేడా గమనించండి. గోరా వచ్చి, మీరు నమ్మేది నేను నమ్మను అన్నారు. కోచ్రబ్‌లో కొందరు, ఆ మనిషి ఇక్కడ కూర్చోకూడదు అన్నారు. రెండూ పైకి భిన్నాభిప్రాయాలే. మొదటిదాన్ని భరిస్తే గ్రూప్‌లో ఒక మనిషి పెరుగుతాడు. రెండోదాన్ని భరిస్తే ఒక మనిషి తగ్గుతాడు, అదీ అందరికంటే బలం లేనివాడు. "అందరి అభిప్రాయాలనూ గౌరవించాలి కదా" అని కొందరు అమాయకంగా ఈ రెంటినీ ఒకే సంచిలో వేస్తుంటారు. జాగ్రత్త!

ఇంకో రకం గ్రూపులుంటాయి. చర్చ లోపల ఎంతైనా చేసుకో, నిర్ణయం అయ్యాక అందరిదీ ఒకే గొంతు. కమ్యూనిస్టు పార్టీల పద్ధతి అది. మన జిల్లాలోనే, శింగనమల దగ్గర తరిమెల నుంచి వచ్చిన నాగిరెడ్డి గారి జీవితం చూడండి. 1952 ఎన్నికల్లో అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించారు. సంజీవరెడ్డి భార్య నాగిరెడ్డి తోబుట్టువే. అంటే భిన్నాభిప్రాయం ఇంటి భోజనాల దగ్గరే మొదలైన మనిషి. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఎం వైపు వెళ్లారు. 1968లో దాన్నీ వదిలారు. ఆ తర్వాత విప్లవకారుల అఖిలభారత కమిటీతో కలిశారు. చారు మజుందార్ మార్గంతో ఆంధ్ర కమిటీకి తేడాలు రావడంతో, 1969 ఫిబ్రవరిలో ఆ కమిటీ వీళ్లను వేరు చేసేసింది. ఐదేళ్లలో మూడు గడపలు. ఆయనది తప్పా, వాళ్లది తప్పా అనే జోలికి నేను పోను. అరెస్టులు, అజ్ఞాతం, ప్రాణాల మీద పందెం ఉన్న రాజకీయాన్ని చలివేంద్రం గ్రూప్‌తో పోల్చడం కూడా న్యాయం కాదు. కానీ ఒకటి కనిపిస్తుంది. ఆలోచన మొత్తం ఒకటైతేనే కలిసి ఉండగలం అనే చోట, తేడా వచ్చినవాడికి మిగిలేది బయటికి పోయే వాకిలి ఒక్కటే. లోపల ఉంటూ కాదనే చోటు ఉండదు.

ఇక అడ్మిన్ తమ్ముడూ, నీ సంగతి.

మీ గ్రూప్ విలువ ఏంటి? నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో గ్రూప్ పరిచయం చదివినా. "కులం మతం చూడకుండా ఊరికి సాయం" అని ఉంది. వానదేవుణ్ణి నమ్మాలని అందులో ఎక్కడా లేదు కదప్పా. ఆ అబ్బాయి మీ విలువని కాదనలేదు. మీలో ఎక్కువమందికి ఉన్న ఒక నమ్మకాన్ని కాదన్నాడు. ఎక్కువమందికి ఉన్నంత మాత్రాన నమ్మకం విలువ అయిపోదు. నాకు తెలిసి మన సేవాసంఘాలు చీలిపోయేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి నా జవాబు, కరెక్టు కాదు. మళ్లీ చేర్చుకో. చేర్చుకుని ఊరుకోవద్దు, గ్రూప్‌లో అందరి ముందూ చెప్పు, తీసేసింది నేనే, చేర్చుకుంటున్నదీ నేనే అని. వాడంతట వాడు బతిమాలుకుని వచ్చాడు అన్నట్టు ఉండకూడదు.

డబ్బు సంగతి తేలిక. ఫండ్‌లో అన్ని మతాలవాళ్లదీ, ఏ మతం లేనివాళ్లదీ ఉంది, అది తొట్లకీ నీళ్లకీ. విరాటపర్వం చదివించాలనుకున్నవాళ్లు విడిగా చందా వేసుకుని నిక్షేపంగా చదివించుకోండి. ఊరంతా గుళ్లో కూర్చుని రాత్రంతా పద్యాలు వినడం చిన్న విషయమేం కాదు, వాన వచ్చినా రాకున్నా.

"అన్నా, ప్రతిదానికీ ఇట్ల చర్చ పెడితే పని ఎప్పుడు చేసేది" అంటావు. నిజమే. ఏప్రిల్ ఎండలో ఆవు దాహంతో నిలబడి ఉంటే మనం ఓటింగ్ పెట్టుకోలేం. అందుకే చర్చకి టైమ్ పెట్టు. ఆదివారం సాయంత్రం రచ్చకట్ట దగ్గర, ఎదురెదురుగా. రాత్రిపూట వాయిస్ మెసేజ్‌లలో కాదు. ముఖం కనిపించకపోతే మనిషికి మాట జారుతుంది. తేలకపోతే మెజారిటీ ప్రకారం పోండి, కానీ వద్దన్నవాడి కారణం కూడా లెక్కల పుస్తకంలో రెండు లైన్లు రాసి పెట్టండి. వచ్చే ఏడాది ఆ పేజీ తిప్పి చూసుకోవచ్చు.

ఆ అబ్బాయికీ ఒక మాట, ఇది వాడు చూస్తాడనే అనుకుంటున్నా. నీ వాయిస్ మెసేజ్‌లు కొన్ని నాకు వచ్చాయి తమ్ముడూ. "పద్యాలకు వాన పడితే ఇంక బోర్లు ఎందుకు" వరకు బానే ఉంది. పద్యం చదివే ముసలాయన్ని ఎగతాళి చేసింది బాలేదు. ఆ రాత్రి ఆయన చేసే పని కూడా, ఆయన లెక్కలో, ఊరికి సాయమే. గోరా దేవుణ్ణి ఒప్పుకోలేదు కానీ దేవుణ్ణి నమ్మేవాళ్ల మధ్య జీవితాంతం పని చేశారు.

ఆయన కొడుకు లవణం సంగతి చెప్పి ముగిస్తా. ఉప్పు సత్యాగ్రహం నాటి పిల్లాడు, అందుకే ఆ పేరు. పెద్దయ్యాక గుర్రం జాషువా గారి కూతురు హేమలతను పెళ్లి చేసుకున్నారు. వినోబా భావే భూదానం కోసం ఆంధ్రలో ఊరూరా నడుస్తున్నప్పుడు ఆయన మాటల్ని తెలుగులో చెప్పింది ఈ లవణమే. వినోబా అంటే గీత, ఉపనిషత్తులు, భగవంతుడు. అవన్నీ జనానికి ఒక నాస్తికుడి గొంతులో వినబడ్డాయి. వినోబా ఇంకో అనువాదకుణ్ణి వెతుక్కోలేదు. లవణం కూడా, నమ్మనివాణ్ణి కదా అని పక్కకు తప్పుకోలేదు. సభ అయ్యాక భూమి లేనివాళ్లకు భూమి రాయించే కాగితాలు ఉండేవి, ఇద్దరికీ కావలసింది ఆ కాగితాలు.

ఉంటా ఫ్రెండ్స్. వచ్చే వారం పెన్నా ఇసుక గురించి మాట్లాడుకుందాం.